ఈగ రోమాలు, ఆవు పాలు

1957లో ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’లో వెలువడిన ఒక ప్రయోగ వృత్తాంతం పశుపోషణ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అందులో పశువు లేదు. ఉన్నది డ్రోసోఫిలా, అంటే మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ. ఎడింబరోలో అలన్ రాబర్ట్‌సన్ (1920–1989), ఆయన సహచరులు ఆ ఈగల పొట్ట అడుగున ఉండే రోమాలను సూక్ష్మదర్శిని కింద లెక్కించి, ఎక్కువ రోమాలున్నవాటిని కొన్ని వంశాలుగా, తక్కువ ఉన్నవాటిని మరికొన్ని వంశాలుగా తరతరాలు పెంచారు.

రాబర్ట్‌సన్ కేంబ్రిడ్జిలో రసాయనశాస్త్రం చదివినవారు. యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేన తీరరక్షక విభాగంలో వాడింగ్టన్ వద్ద గణాంక పరిశోధన చేసి, ఆయన వెంటే ఎడింబరో చేరి జన్యుశాస్త్రానికి మళ్లారు. అప్పటి పాడిరంగంలో పెద్ద చిక్కు ఒకటుండేది. ఆబోతు పాలివ్వదు, దాని విలువ కూతుళ్లు ఈని పాలిచ్చినప్పుడు గాని తెలియదు. ఆ కూతుళ్ల పాలు పెరిగితే అది తండ్రి గుణమా, యజమాని పెట్టిన దాణా గుణమా? 1950లో రెండెల్‌తో కలిసి రాసిన వ్యాసంలో రాబర్ట్‌సన్ కృత్రిమ గర్భధారణ కాలానికి తగిన సంతాన పరీక్షను గణితబద్ధం చేశారు. ఒక ఆబోతు కూతుళ్లను అదే మందలో, అదే ఏడు పాలిచ్చే ఇతర ఆబోతుల కూతుళ్లతో పోల్చాలన్నది తరువాత స్థిరపడిన పద్ధతి. మేత, వాతావరణం ఇరువురికీ ఒకటే గనుక మిగిలిన తేడాలో తండ్రి పాలు ఎంతో అంచనా కట్టవచ్చు. బ్రిటన్ పాడిరంగం ఆ దశకంలోనే దీనిని అమలు చేసింది.

అంతటితో ఆగి ఉంటే ఆయన సమర్థుడైన సలహాదారుగా మిగిలేవారు. మేలైన ఆబోతును ఎంచుతూ పోతే చివరకు ఏమవుతుందన్న ప్రశ్న ఆయనను విడువలేదు. ఆవులతో తేల్చుకోవాలంటే ఒక జీవితకాలం చాలదు. ఈగకు రెండు వారాలకొక తరం. ఆ ప్రయోగాలలో మొదటి కొన్ని తరాలు సిద్ధాంతం చెప్పినట్లే నడిచాయి. తరువాత ఒకే మూలం నుంచి తీసి, ఒకే విధంగా ఎంపిక చేసిన వంశాలే తలొక దారి పట్టాయి.

1960లో రాయల్ సొసైటీ పత్రికలో ఆయన దీనికి సిద్ధాంతం చెప్పారు. మందలో ప్రతి తరంలోనూ కొన్ని మేలైన జన్యువులు కేవలం యాదృచ్ఛికంగా జారిపోతాయి. పునరుత్పత్తిలో పాల్గొనే జీవాలు ఎంత తక్కువైతే ఆ నష్టం అంత ఎక్కువ. స్థూలంగా చెప్పాలంటే, ఎంపిక వల్ల చివరికి దక్కే మొత్తం ప్రగతి తొలి తరపు ప్రగతికి ‘ప్రభావక సంఖ్య’కు రెండింతల రెట్లు మించదు. కొత్త ఉత్పరివర్తనలు ఈ హద్దును కొంత జరుపుతాయని ఆయన శిష్యుడు విలియం హిల్ తరువాత చూపారు.

ఈ ప్రభావక సంఖ్య తలల లెక్క కాదు. సీవాల్ రైట్ సూత్రం ప్రకారం 500 ఆవులకు 5 ఆబోతులే ఉంటే అది దాదాపు 20 మాత్రమే. ఆవులను వేయి చేసినా ఇరవై దాటదు. ఘనీభవింపజేసిన వీర్యంతో ఒక ఆబోతుకు వేలాది కూతుళ్లు కలగగలిగిన కాలంలో ఈ లెక్కకు ఎంత బరువుందో వేరే చెప్పనక్కరలేదు. మంచి ఆబోతును గుర్తించే ఉపాయం చెప్పినవాడే, దానినే నమ్ముకుంటే పోయేదేమిటో కూడా లెక్కకట్టాడు. మొదటిది మన నివేదికలలోకి పాల దిగుబడి గడిగా వచ్చింది. రెండవదానికి గడి ఉన్న నివేదిక నా ఉద్యోగ జీవితంలో నా బల్ల మీదికి రాలేదు.

రాబర్ట్‌సన్ ఈగల వ్యాసం వెలువడిన ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’కు సంపాదకుడు జె.బి.ఎస్. హాల్డేన్. అదే 1957లో ఆయన కలకత్తా వచ్చి స్థిరపడగా పత్రిక కూడా ఆయనతో మన దేశానికి వచ్చింది. 1985 నుంచి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ దానిని వెలువరిస్తున్నది.

ఒంగోలు సీమలో ఒకప్పుడు ఊరి పెద్దలు మంచి కోడెను ఏరి, దైవం పేర అచ్చు వేసి, ఊరందరి మేత మీద వదిలేవారు. ‘అచ్చోసిన ఆంబోతు’ ఇప్పుడు తిట్టుగానే వాడుకలో ఉంది. ఊరికొక ఆంబోతు ఉండటమంటే, రైట్ సూత్రంలో చిన్నదిగా ఉండే మగవాటి సంఖ్యను పెద్దది చేయడమే.