అడవి మనిషి కథ ఎవరు చెప్పారు, ఎవరి మీద పడింది



కిష్టారెడ్డిపేట రూముల్లో ఉండి చదువుకుంటూ, పటాన్‌చెరు వైపు కంపెనీల్లో షిఫ్టులు చేసే మనలో "అడవిలోంచి వచ్చినవారా?" అనే మాట పడని వాళ్ళు తక్కువ. ఒకరిని "కోయోడా" అంటారు, ఇంకొకరిని నేరుగా "కోతి" అంటారు. అడిగితే సరదాకన్నాం అంటారు. ఈ సరదా వెనుక చాలా పాత చరిత్ర ఉంది. ఈసారి దాని మీదే రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

సగం కోతి, సగం మనిషిలా ఉండే జీవి కథ ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. హిమాలయాల్లో యెతి, కెనడా పడమటి అడవుల్లో సాస్క్వాచ్, సుమత్రాలో ఒరాంగ్ పెండెక్. ఈ కథలు మొదట చెప్పుకున్నది కొండల్లో, అడవుల్లో బతికే మనలాంటి జనమే. వాళ్ళ కథల్లో అది పట్టి బంధించే జంతువు కాదు. కెనడాలోని స్త్సైల్స్ అనే ఆదివాసులకు సాస్క్వాచ్ తమ నేలను కాచే జీవి, వాళ్ళ జెండా మీద కూడా ఉంటుంది. బయటి పేపర్లకు అదొక వింత మాత్రమే అయింది. 1958లో కాలిఫోర్నియాలో పెద్ద పెద్ద అడుగుజాడలు కనపడ్డాయని వార్త రాగానే 'బిగ్‌ఫుట్' అనే పేరు పుట్టింది. రే వాలెస్ అనే కాంట్రాక్టరు 2002లో చనిపోయాక, చెక్కతో చేసిన పాదాలతో ఆ జాడలు వేసింది ఆయనేనని ఇంటివాళ్ళు బయటపెట్టారు.

మాకు బాగా నచ్చిన కథ జావా ద్వీపానిది. మలయ్ భాషలో 'ఒరాంగ్ హుతాన్' అంటే అడవి మనిషి. ఒరాంగుటాన్ అనే పేరు అందులోంచే వచ్చింది. జావాలో పనిచేసిన డచ్చి డాక్టరు బాంటియస్ రాతలు 1658లో అచ్చయ్యాయి. అక్కడి జనం ఏమనుకునేవాళ్ళో అందులో ఉంది: ఆ జీవికి మాటలు వచ్చు, కానీ మాట్లాడదట. మాట్లాడితే పనికి పెడతారని భయమట! నైట్ షిఫ్టు చేసి వచ్చినోళ్ళకు ఆ తెలివేందో విడమరిచి చెప్పక్కర్లేదు.

యెతి సంగతి కూడా చూడండి. నేపాల్‌లోని ఖుమ్‌జుంగ్ అనే షెర్పా ఊరి గుడిలో యెతి నెత్తి చర్మం అని ఒకటి దాచుకున్నారు. 1960లో ఎడ్మండ్ హిల్లరీ దాన్ని అడిగి పట్టుకుపోయి పరీక్ష చేయించాడు. సీరో అనే అడవి మేక జాతి జంతువు తోలుతో చేసిందని తేలింది. అయితే షెర్పాలు హిల్లరీని అడిగింది బడి. 1961లో ఖుమ్‌జుంగ్‌లో బడి కట్టారు. యెతి దొరకలేదు గానీ పిల్లలకు చదువు దొరికింది.

ఇదంతా కథ ఒక వైపు. రెండో వైపు ఇంత తేలిగ్గా చదవలేం.

రెండున్నర వేల ఏళ్ళ కింద కార్తేజ్ నగరం నుంచి హన్నో అనే నావికుడు ఆఫ్రికా పడమటి తీరం వెంబడి పోయాడు. ఒక దీవిలో ఒంటి నిండా వెంట్రుకలున్న "మనుషులు" కనపడ్డారని, దుబాసీలు వాళ్ళను 'గొరిల్లాయ్' అన్నారని ఆ ప్రయాణ కథనంలో ఉంది. మగవాళ్ళు తప్పించుకున్నారు. ముగ్గురు ఆడవాళ్ళను పట్టుకుంటే కరిచి, గీరి ఎదురు తిరిగారు. చంపి, తోలు ఒలిచి కార్తేజ్‌కు తీసుకుపోయారు. వాళ్ళు కోతులో మనుషులో ఇవాళ్టికీ తేలలేదు. 1847లో ఆఫ్రికా పెద్ద కోతికి శాస్త్రవేత్తలు గొరిల్లా అని పేరు పెట్టింది ఈ కథ నుంచే. మనుషులే అయి ఉంటే? చంపినవాళ్ళకు ఆ అనుమానం వచ్చినట్టు ఆ రాతలో ఎక్కడా లేదు.

డార్విన్ తర్వాత కోతికీ మనిషికీ మధ్య 'తప్పిపోయిన లంకె' కోసం యూరప్ వెతకడం మొదలుపెట్టింది. అడవిలో దొరకలేదు, దాంతో మనుషుల్లోనే చూపించారు. ఒంటి మీద ఎక్కువ వెంట్రుకలున్న క్రావ్ అనే చిన్నపిల్లను ఆగ్నేయాసియా నుంచి తెచ్చి, 1883లో లండన్‌లో ఆ లంకె ఇదేనంటూ టికెట్ పెట్టి చూపించారు. 1906లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో కాంగో నుంచి వచ్చిన ఓటా బెంగాను కోతుల ఇంట్లో ఉంచి జనానికి చూపించారు. నల్లజాతి పాస్టర్లు గొడవ చేస్తే గానీ వదల్లేదు. సొంత నేలకు తిరిగి పోలేక 1916లో ఆయన తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. ఆ జూను నడిపే సంస్థ క్షమాపణ చెప్పింది 2020లో.

అదే కాలంలో మన వైపు మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ కులాల, తెగల జనం ముక్కులూ తలలూ కొలిచి అంకెలు వేసుకున్నాడు. ముక్కు వెడల్పును బట్టి ఎవరు పైన, ఎవరు కింద అని వరస కట్టడం అప్పట్లో శాస్త్రం. 1909లో ఆయన ఏడు సంపుటాలు వచ్చాయి. వాటిలో పనికొచ్చే సమాచారం చాలా ఉంది, మనం చదవాలి కూడా. కానీ ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉందో మర్చిపోకుండా చదవాలి.

ఇక మన దేశంలో అందరికీ తెలిసిన వానరులు. కిష్కింధ అంటే తుంగభద్ర ఒడ్డున, హంపి ఎదురుగా ఉన్న ఆనెగొంది అని చెబుతారు. వాల్మీకి వానరులకు తోక పెట్టాడు, రాజ్యం కూడా పెట్టాడు. హనుమంతుడి మాట తీరు చూసి, వ్యాకరణం చదివినవాడని రాముడే మెచ్చుకుంటాడు. వానరులు కోతి గుర్తు ఉన్న అడవి తెగలేనని రాసిన పండితులున్నారు. మనవాళ్ళు కొందరు దీన్ని గర్వంగా షేర్ చేస్తుంటారు. మాకైతే దీనితో కొంచెం జాగ్రత్తగా ఉండాలనిపిస్తుంది. మన చరిత్రకు మన గోత్రాలు, మన పాటలు, మన పెద్దల మాట ఉన్నాయి. ఇంకొకరి కథలో తోక వెతుక్కుని అందులోంచి మన పుట్టుక తెచ్చుకోవాల్సిన అవసరం ఏముంది?

ఇంకో ముచ్చట. గుజరాత్‌లో పోర్‌బందర్‌ను ఏలిన జేఠ్వా రాజులు తాము హనుమంతుడి వంశం అని చెప్పుకున్నారు. వాళ్ళ పూర్వీకులకు తోక ఉండేదనే కథ కూడా ఉంది. రాజుకైతే అది గౌరవం అయింది! జార్ఖండ్ వైపు ఉరావ్ ఆదివాసుల్లో తిగ్గా అనే గోత్రానికి గుర్తు కోతి, ఎక్కాకు తాబేలు, లక్రాకు పులి. తమ గుర్తును వాళ్ళు చంపరు, తినరు. వాళ్ళకు కోతి తిట్టు కాదు, చుట్టం. మన ఇండస్ట్రియల్ ఏరియాలో జార్ఖండ్ నుంచి పనికొచ్చిన వాళ్ళు ఉంటారు, ఆ ఇంటిపేర్లు వినపడితే ఒకసారి ఆగి మాట కలపండి.

మీ గూడెంలో, మీ తండాలో అడవి మనిషి కథ ఏదన్నా ఉంటే ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు ముసలోళ్ళను అడగండి. గోండి, కోయ, గోర్ బోలి, ఏ భాషలో చెప్తే ఆ భాషలోనే తెలుగు లిపిలో రాసి గ్రూపులో పెట్టండి. చెప్పిన అవ్వ ఊరు, కథలో వచ్చే గుట్ట పేరు, వాగు పేరు తప్పకుండా రాయండి.