కాలాన్ని బట్టి చర్మ సంరక్షణ – రైతు కుటుంబాలు పాటించాల్సిన జాగ్రత్తలు

పొలంలో పనిచేసే వారికి చర్మమే మొదటి కవచం. అది పగిలినా, ఒరిసిపోయినా నష్టం దురద, మంటతోనే ఆగదు. పగిలిన చర్మం గుండా పురుగుమందు సులువుగా ఒంట్లోకి చేరుతుంది. మడి నీటిలో ఉండే ఎలుక జ్వరం క్రిములు లోపలికి పోయేది కూడా ఇలాంటి గాయాల నుంచే. నాట్లప్పుడో, కోతలప్పుడో నాలుగు రోజులు మంచాన పడితే కూలి పోతుంది, పని వెనకబడుతుంది. వానాకాలంలో తడి, చలికాలంలో పొడిదనం, వేసవిలో ఎండ, చెమట చర్మాన్ని దెబ్బతీస్తాయి. కాబట్టి పంటకు సస్యరక్షణ మార్చుకున్నట్టే చర్మ సంరక్షణను కూడా కాలాన్ని, చేసే పనిని బట్టి మార్చుకోవాలి.

వానాకాలం (జూన్ – అక్టోబరు)

కాళ్లు నానడం: నాట్లు, కలుపు తీతలో రోజంతా బురదలో నిలబడితే కాలి వేళ్ల సందులు తెల్లగా నాని ఒరిసిపోతాయి.
• మడిలోకి దిగే ముందు కాళ్లకు, వేళ్ల సందుల్లో కొబ్బరి నూనె గానీ వ్యాజెలిన్ గానీ పట్టించాలి.
• మధ్యాహ్నం భోజనానికి గట్టు ఎక్కినప్పుడు మంచినీటితో కడిగి, పొడి గుడ్డతో వేళ్ల సందులు తుడిచి ఆరనివ్వాలి.
• సాయంత్రం సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. తడి బూట్లు, తడి సాక్సులు మర్నాడు వేసుకోకూడదు.
• కాళ్లపై గాయాలుంటే అవి మానే వరకు మడిలోకి దిగకపోవడం మంచిది. తప్పనప్పుడు గమ్ బూట్లు వాడాలి.
• మడిలో పనిచేసిన తర్వాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం, పచ్చకామెర్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బురదలో పనిచేసిన విషయం డాక్టరుకు తప్పక చెప్పాలి.

తామర: గజ్జల్లో, నడుము చుట్టూ, చంకల్లో తడి బట్టలు ఆరక గుండ్రటి దురద మచ్చలు వస్తాయి. చాలామంది మందుల షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చి రాస్తారు. అందులో బెటామెథాసోన్, క్లోబెటాసోల్ వంటి స్టెరాయిడ్లు ఉంటే రెండు రోజుల్లో దురద తగ్గినట్టే ఉంటుంది, కానీ తామర లోపల ముదిరి మరింత విస్తరిస్తుంది. డాక్టరు రాసిన మందునే, చెప్పినన్ని రోజులూ వాడాలి. మచ్చ కనిపించకుండా పోయిందని మధ్యలో ఆపకూడదు. తువ్వాలు, లోదుస్తులు ఒకరివి ఒకరు వాడకూడదు.

వయ్యారిభామ: వానలకు గట్లపై విపరీతంగా పెరిగే ఈ కలుపు తగిలితే కొందరికి మెడ, ముఖం, మోచేతి మడతల్లో దురద, దద్దుర్లు వచ్చి చర్మం మందంగా మారుతుంది. పూత రాకముందే పీకేయాలి. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఒకసారి పడనివారు ఈ పని ఇతరులకు అప్పగించడమే మేలు.

రాత్రి దీపాల దగ్గరకు వచ్చే నలుపు, నారింజ రంగు చీమలాంటి పురుగు ఒంటిపై వాలితే చేత్తో నలపకూడదు. దాని రసం తగిలితే కాలినట్టు గీతలు, పొక్కులు వస్తాయి. ఊది తోసేసి, ఆ చోటును సబ్బుతో కడగాలి.

చలికాలం (నవంబరు – ఫిబ్రవరి)

పగుళ్లు: మడమలు, అరచేతులు పగలడం ఈ కాలంలో ఎక్కువ. పగిలిన చేతులతో యూరియా చల్లితే మంట పెరుగుతుంది.
• బాగా వేడి నీళ్లతో స్నానం చేస్తే చర్మం ఇంకా ఎండిపోతుంది. గోరువెచ్చని నీరు చాలు.
• స్నానం చేసిన వెంటనే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరి నూనె లేదా నువ్వుల నూనె రాసుకోవాలి.
• రాత్రి మడమలను 10–15 నిమిషాలు గోరువెచ్చని నీటిలో నానబెట్టి, మృదువుగా రుద్ది, తుడిచి, వ్యాజెలిన్ పట్టించి నూలు సాక్సులు తొడుక్కోవాలి. బ్లేడుతో గీకకూడదు.
• ఎరువులు చల్లేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోవాలి.

మిరప కోత: కాయ ఘాటు నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఉత్త నీళ్లతో ఎంత కడిగినా మంట తగ్గదు. చేతులకు వంట నూనె రాసి, రుద్ది తుడిచి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. కోత సమయంలో కళ్లు తుడుచుకోకూడదు, పసిపిల్లలను ఎత్తుకునే ముందు చేతులు శుభ్రం చేసుకోవాలి.

గజ్జి: రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే గజ్జి అని అనుమానించాలి. ఇంటిల్లిపాదీ ఒకేసారి చికిత్స తీసుకోవాలి. గజ్జికి గానీ, తల పేలకు గానీ పొలంలో కొట్టే పురుగుమందు రాయడం ప్రాణాలకే ప్రమాదం.

వేసవి (మార్చి – మే)

• ఎండ ముదిరే 11 గంటల నుంచి 4 గంటల వరకు పొలం పనులు పెట్టుకోకూడదు.
• వదులైన, లేత రంగు నూలు బట్టలు, నిండు చేతుల చొక్కా, మెడను కప్పే తలపాగా లేదా టోపీ వాడాలి.
• చెమటకాయలు వస్తే రెండు పూటలా స్నానం చేసి, ఆరిన బట్టలు వేసుకోవాలి. ఈ కాలంలో ఒంటికి నూనె దట్టంగా పట్టిస్తే స్వేద రంధ్రాలు మూసుకుపోయి చెమటకాయలు పెరుగుతాయి.
• మామిడి కోతలో సొన ఒంటిపై పడితే కాలిన మచ్చలు వస్తాయి. వెంటనే సబ్బుతో కడగాలి. కాయను తొడిమతో కోస్తే సొన చిమ్మదు, కాయపై మచ్చలూ పడవు.
• జీడిగింజల పెంకు రసం ఇంకా తీవ్రమైనది. తొడుగులు లేకుండా పెంకు తీయకూడదు.

అన్ని కాలాల్లో: పిచికారీ జాగ్రత్తలు

పిచికారీ చేసే వారికి మందు ఎక్కువగా చేరేది చర్మం గుండానే. అన్ని చోట్లా చర్మం ఒకేలా ఉండదు. ముంజేతి కంటే నుదురు, తల, అన్నిటికంటే గజ్జల భాగం మందును ఎక్కువగా పీల్చుకుంటాయి. పంపు కారితే మందు వీపు మీదుగా సరిగ్గా అక్కడికే చేరుతుంది. అందువల్ల కారే పంపును బాగుచేయించకుండా వాడకూడదు.
• చెమటతో తడిసిన చర్మం మందును త్వరగా పీల్చుకుంటుంది. ఎండ లేని ఉదయం, సాయంత్రం వేళల్లో గాలివాటు చూసుకుని కొట్టాలి.
• మందు కలిపేటప్పుడు కూడా రబ్బరు తొడుగులు తప్పనిసరి. గుడ్డ తొడుగులు మందును పీల్చుకుంటాయి.
• ప్యాంటు అంచు గమ్ బూట్లకు పైన ఉండాలి, లోపల దోపకూడదు.
• ఒంటికి నూనె రాసుకుంటే మందు అంటదనుకోవడం పొరపాటు. నూనె కవచం కాదు.
• పని కాగానే సబ్బుతో స్నానం చేయాలి. ఆ బట్టలను ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.
• మందు ఒంటిపై ఒలికితే తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో, ధారాళమైన నీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, నోట్లో నీరూరడం ఉంటే 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

• పుండు చీము పట్టినా, చుట్టూ వాచి ఎర్రబడినా, జ్వరం వచ్చినా.
• రెండు వారాలు దాటినా మానని పుండు, స్పర్శ లేని మచ్చ ఉన్నా.
• షుగరు ఉన్నవారికి కాలిపై చిన్న గాయమైనా. వీరు ప్రతి రాత్రి రెండు పాదాలూ వెలుతురులో చూసుకోవాలి.

పుండ్లపై కిరోసిన్, బూడిద, పేడ, ఇంజిన్ ఆయిల్ రాయకూడదు. సబ్బు, మంచినీళ్లు, కొబ్బరి నూనె, ఒక జత రబ్బరు తొడుగులు – ఇవి పొలానికి తీసుకెళ్లే సంచిలో ఎప్పుడూ ఉండాలి. పురుగుమందుల వాడకంపై సందేహాలుంటే గ్రామ వ్యవసాయ సిబ్బందిని గానీ, కిసాన్ కాల్ సెంటర్‌ను 1800-180-1551 నంబరులో గానీ సంప్రదించవచ్చు.