లాగుడు బండి – తోపుడు బండి



ఛందస్సు, వ్యాకరణము, శతకాలు తప్ప మరొకటి ఎరుగని తెలుగు పంతులు మోటారు కారు చరిత్ర వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. నాకూ వింతగానే ఉన్నది. కారణం మనవి చేసుకుంటాను.

మొన్న సంక్రాంతికి ముందు ఒక పనిమీద బెజవాడ ఆటోనగరుకు వెళ్ళాను. అక్కడ నా పాత విద్యార్థి ఒకడికి షెడ్డు ఉన్నది. ముప్ఫై అయిదేళ్ళ క్రితం తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానివేసినవాడు. సంధులు, సమాసాలు ఎన్నిసార్లు చెప్పినా వాడికి ఎక్కేవి కావు. "వీడికి అక్షరం అబ్బదు" అని తరగతి మొత్తం వినేలా అన్నది నేనే. నేను వెళ్ళేసరికి ఒక ఇంజనీరింగు కళాశాల కుర్రవాడు ఎక్కడో కొన్న పాత మారుతి 800 తెచ్చి నిలబెట్టి ఉన్నాడు. అతని కోరిక విచిత్రమైనది. ముందు చక్రాలతో నడిచే ఆ కారును వెనుక చక్రాలతో నడిచేటట్లు మార్చి, డ్రాగ్ రేసుకు పనికివచ్చేలా చేసి ఇవ్వాలట. మా వాడు నవ్వలేదు, కసరలేదు. సుద్దముక్క తీసి షెడ్డు గచ్చుమీద బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. నేను స్టూలు మీద కూర్చుని గంటసేపు విన్నాను. ఇంటికి వచ్చాక దొరికినంత చదివాను. ఈ టపా ఆ రెంటి ఫలితం.

ముందుగా డ్రాగ్ రేసు అంటే ఏమిటో చెప్పాలి. ఇందులో మలుపులుండవు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చదీపం వెలగగానే తిన్నగా పావు మైలు, అంటే 1320 అడుగులు, ముందుగా దాటినవాడిదే గెలుపు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం దక్షిణ కాలిఫోర్నియాలో యువకులు పాత కార్లను విప్పి, కోసి, మార్చి, ఎండిన సరస్సులమీదా వాడని విమానాల పరుగుబాటలమీదా పందేలు వేసుకునేవారు. వీధుల్లో ప్రాణాలు పోకుండా ఆ ఉత్సాహానికి ఒక కట్టుబాటు తేవాలని 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించాడు.

ఆ పందెంలో వెనుక చక్రాల బండికే ఎందుకంత మన్నన? బస్సు ఒక్కసారిగా కదిలినప్పుడు నిలబడినవాళ్ళం వెనక్కి తూలుతాము కదా. బండి బరువు కూడా అలాగే వెనక్కి వాలుతుంది. ముందు చక్రాలు తేలికపడతాయి, వెనుక చక్రాలు నేలను గట్టిగా అదుముతాయి. నేలను అదిమిన చక్రమే తొయ్యగలదు. తేలికపడిన చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగి రబ్బరు కాలుస్తుంది.

మా వాడి లెక్క ఇది. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. ఇంజను ముందుంది కనుక నిలబడి ఉన్నప్పుడు ఇంచుమించు 390 కిలోలు ముందు చక్రాల మీద ఉంటుందనుకుందాం. భూమ్యాకర్షణలో సగం వేగోత్కర్షతో బండి దూకితే సుమారు 75 కిలోలు ముందునుంచి వెనక్కి పోతుంది. తొయ్యవలసిన ముందు చక్రాలకు 315 మిగులుతుంది. అదే ఇంజను వెనుక ఉండి వెనుక చక్రాలనే తిప్పితే 390 కాస్తా 465 అవుతుంది. బండీ అదే, బరువూ అదే, నేలమీది పట్టు మాత్రం ఒకటిన్నర రెట్లు.

ఈ మాట వింటుంటే నాకు చిన్ననాటి బండలాగుడు పోటీలు గుర్తుకువచ్చాయి. గుడివాడ ప్రాంతంలో పుట్టిపెరిగినవారికి వీటిని వర్ణించి చెప్పనక్కరలేదు. పళ్ళనుబట్టి ఎడ్లను విభాగాలు చేసి, బండకు కట్టి, నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు ఈడ్చినవో కొలుస్తారు. డ్రాగ్ అనే ఆంగ్లపదానికి కూడా ఈడ్చడమనే అర్థం. బండ కదిలే క్షణంలో ఒంగోలు గిత్తను గమనించండి. మెడ వంచుతుంది, ముందు మోకాళ్ళు ముడుస్తుంది, వెనుక గిట్టలు నేలలో దిగబడతాయి. బలం కాడి దగ్గర కనిపిస్తుంది కాని, పుట్టేది వెనుక కాళ్ళలో. మన రైతుకు ఈ సంగతి ఎవరూ పాఠంగా చెప్పలేదు. ఎడ్లు కొనేటప్పుడు వెనక్కి వెళ్ళి తొడలు చూసేవాడు, అంతే.

ముందా వెనుకా అన్న తగవు మోటారు పుట్టుకతోనే ఉన్నది. 1769-70లో ఫ్రాన్సులో క్యూనో తయారుచేసిన ఆవిరిబండి ముందు చక్రంతోనే నడిచింది. ఎద్దు ముందుండి లాగినట్లే యంత్రమూ ముందుండి లాగాలనుకోవడం సహజమే. 1891 ప్రాంతంలో పనార్ సంస్థ ఇంజనును ముందుంచి వెనుక చక్రాలను తిప్పే అమరికను తెచ్చింది. చాలాకాలం లోకమంతా ఆ దారినే నడిచింది. 1934లో సిట్రోయెన్ కంపెనీ ముందు చక్రాల కారును పెద్దయెత్తున తయారుచేసింది. 1959లో ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ తన మినీ కారులో ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టాడు. దానితో చిన్న కారులో మనుషులకు చోటు మిగిలింది. తరువాతి చిన్న కార్లకు అదే ఒరవడి అయింది.

మన దేశంలో అంబాసిడరు, ఫియట్ 1100 రెండూ వెనుక చక్రాల బండ్లే. ముందు చక్రాల కారు మన ఇళ్ళ ముందుకు వచ్చినది 1983 డిసెంబరు 14న విడుదలైన మారుతి 800తో. మరుసటి సంవత్సరం అదే కంపెనీ మారుతి వ్యాను తెచ్చింది. దానికే తరువాత ఓమ్ని అని పేరు. ఇప్పుడు ఈ రెండు బండ్ల తయారీ ఆగిపోయింది. 800 2014లోను, ఓమ్ని 2019లోను నిలిచిపోయాయి.

ఇక్కడే మా వాడు నన్ను ఆశ్చర్యపరచినది. "మాస్టారూ, ఈ రెండిట్లో ఉన్నది ఒకటే ఇంజను" అన్నాడు. నిజమే. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను. 800లో అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నిలో ముందు సీట్ల కింద నిలువుగా పడుకుని, పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు ద్వారా వెనుక ఇరుసును తిప్పుతుంది. ఒకే ధాతువు రెండు ఉపసర్గలతో రెండు అర్థాలిచ్చినట్లు!

అందుచేత ఆ కుర్రవాడి కోరికకు రెండు దారులున్నవట.

మొదటిది ఓమ్ని దారి. ఇంజనును నిలువుగా తిప్పి, ఓమ్ని గేరుబాక్సు బిగించి, కారు నేలరేకును మధ్యలో కోసి షాఫ్టుకు సొరంగంలాంటి దారి చేయాలి. 800 వెనుక ఉన్నది వట్టి ఇరుసు, చక్రాలను మోయడమే దాని పని. దాన్ని తీసివేసి క్రౌన్ పినియన్ ఉన్న ఓమ్ని హౌసింగును కమాను కట్టలతో సహా అమర్చాలి. ఇంజను ముందే ఉంటుంది గనుక బరువు లాభం కొంతే.

రెండవది ఇంజను, గేరుబాక్సు, చక్రాల షాఫ్టులు అన్నిటినీ కలిపి ఉన్నదున్నట్లుగా ఎత్తి సీట్ల వెనుక దింపడం. ముందు చక్రాలకు ఉన్న మలుపు గుణం వెనుక చక్రాలకు ఉండరాదు గనుక స్టీరింగు రాడ్లను చట్రానికి కట్టివేయాలి. గేరు తీగలు, నీటి గొట్టాలు పొడిగించాలి. "ఒక్కటే జాగ్రత్త, మాస్టారూ. ఎత్తింది ఎత్తినట్టే వెనక్కి పెట్టాలి. కుదరలేదని మొహం అటు తిప్పి బిగించారో, నాలుగు గేర్లు వెనక్కి, ఒక్క గేరు ముందుకి!" అని అప్పటికి నవ్వాడు.

ఇదంతా ఊహాగానం కాదు. ఈ రెండవ దారికి దగ్గరి పని మన దేశంలో ఒకటి జరిగింది. చేసినవాడు కోయంబత్తూరు వాస్తవ్యుడు సుందరం కరివర్ధన్. 1954లో జన్మించాడు. లక్ష్మీమిల్సు స్థాపించిన నాయుడు కుటుంబం వారిది. విజయనగర కాలంలో తెలుగునేల విడిచి కొంగునాడు చేరి, అక్కడి నల్లరేగడిలో పత్తి పండించి, ఆ పైన మిల్లులు కట్టిన తెలుగువారి సంతతి. ఆ ఊరికే చెందిన జి. డి. నాయుడుగారి యంత్రప్రతిభ మనలో చాలామందికి తెలిసినదే. కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 ఇంజనును తీసుకుని, సారథి వీపు వెనుక నిలిపి, వెనుక చక్రాలను తిప్పే ఒంటిసీటు పందెపుకారును రూపొందించాడు. దానిని ఫార్ములా మారుతి అన్నారు. నిడుపైన పేరు ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజన్. అది తిన్నని పరుగుకు గాక మలుపుల బాటకు చేసిన బండి. అయినా ముందు చక్రాల ఇంటి ఇంజనును వెనుక చక్రాల పందేనికి పెట్టడమన్న మూలసూత్రం ఇదే. విదేశీ పందెపుకార్లు కొనే స్తోమత లేని యువకులకు అది తొలి బడి అయింది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర వెలసిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. ఆయన బంధువు నారాయణ్ కార్తికేయన్ తొలి పందెం వేసినది ఫార్ములా మారుతిలోనే. 2005లో ఫార్ములా వన్ పందేలలో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు.

మరి ఆ పని బెజవాడలో ఎందుకు జరగలేదు? చేతిపనికి కొదవ లేదు. మద్రాసు–కలకత్తా దారి, హైదరాబాదు–బందరు దారి కలిసే ఊరు ఇది. లారీలు ఇక్కడికి చేరక తప్పదు. పట్నంలో రోడ్ల పక్కన చెదురుమదురుగా ఉన్న షెడ్లను ఒక్కచోటికి చేర్చి 1960లలో జవహర్ ఆటోనగరు ఏర్పరచారు. కంపెనీనుంచి లారీ వట్టి చాసిస్‌గా, అస్థిపంజరంలా వచ్చేది. డ్రైవరు ఎండకు తలగుడ్డ చుట్టుకుని నడుపుకుంటూ తెచ్చేవాడు. దానికి క్యాబిను, బాడీ, రంగులు, అన్నీ ఇక్కడి వడ్రంగులూ కమ్మరులూ వెల్డర్లూ సమకూర్చేవారు. 2014లో వచ్చిన ఆటోనగర్ సూర్య చిత్రానికి నేపథ్యం ఈ లోకమే.

లేనిది నైపుణ్యం కాదు, పరుగెత్తడానికి చోటు. యుద్ధకాలంలో వేసిన షోలవరం పరుగుబాట మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బువారికి పందెపు బాట అయింది. ఆ క్లబ్బు 1953లో పుట్టి, 1990 నాటికి ఇరుంగాట్టుకోట్టైలో సొంత బాట కట్టుకుంది. యుద్ధకాలం నాటి మన గన్నవరం పరుగుబాట విమానాశ్రయమయింది. అది న్యాయమే. కాని మా ప్రాంతపు ఉత్సాహానికి మిగిలినది బందరు రోడ్డు ఒక్కటే.

రోడ్డుమీదికి అటువంటి బండి రాకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, దానికి 2000లో జరిగిన సవరణ, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు, మూడూ చెప్పేది ఒకటే. తయారీదారు ఇచ్చిన మూలరూపానికి భిన్నంగా బండిని మార్చరాదు. ఈ కట్టడి మంచికే. ఇంజను వెనక్కి పోతే బ్రేకుల పాళ్ళు మారతాయి, ముందుభాగం తేలికై మలుపులో మాట వినదు. పందెపు బాటలో అయితే ఆ ముప్పు నడిపేవాడిదే. బజారులో అది బడికి వెళ్ళే పిల్లలది.

మా వాడు ఆ కుర్రవాడికి చివరకు చెప్పినది ఇంతే: "బండి కట్టి ఇవ్వగలను బాబూ. కాగితం కట్టి ఇవ్వలేను. ట్రాకు మీద తిప్పుతాను, ట్రాలీ మీద తీసుకెళతాను అంటే మీ నాన్నగారిని వెంటబెట్టుకుని రా, అప్పుడు మాట్లాడుకుందాం." కుర్రవాడు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడో లేదో నేను అడగలేదు.

అతడు వెళ్ళాక నేను, "ఇంత తెలిసినవాడివి, ఎక్కడైనా వ్రాసిపెట్టావురా?" అన్నాను.

"నాకు రాయడం రాదని మీరే అన్నారుగా మాస్టారూ" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు. పానాలు తుడిచి పెట్టెలో సర్దుకుంటూ, అబ్బుర్యాల పట్టికలో ఒక ఎక్కం చెప్పినంత మామూలుగా అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

కోయంబత్తూరు పనికి పేరున్నది, తారీఖున్నది, దాని పేరిట ఒక బాట ఉన్నది. ఆటోనగరు పనికి గచ్చుమీది సుద్దగీత ఉన్నది. సాయంత్రం ఊడ్చేసరికి అదీ లేదు. రెండిటి మధ్య ఉన్న దూరంలో కొంత డబ్బుది, కొంత చోటుది. కొంత మావంటి పంతుళ్ళది.

అప్పటినుంచి ఆదివారాలు నోటుపుస్తకం పట్టుకుని వాడి షెడ్డుకు వెళుతున్నాను. వాడు చెబుతాడు, నేను వ్రాసుకుంటాను. ఇరుసు, శీల, కమాను వంటి పాత బండిమాటలు మోటారులోకి ఎలా వచ్చి చేరాయో ఒక పట్టిక తయారవుతున్నది. మీ ఊళ్ళ షెడ్లలో వినిపించే మాటలేవైనా ఉంటే దయచేసి వ్యాఖ్యలలో వ్రాయండి. తప్పులుంటే దిద్దండి. తప్పు నాదేనని, మా వాడిది కాదని మనవి.