కైలాసయాత్రికుని మూట

తీర్థయాత్రల చరిత్ర వ్రాయువారు క్షేత్రమాహాత్మ్యమును, ఆలయనిర్మాతలను, రాజులొసగిన దానశాసనములను గూర్చి విస్తరింతురు గాని, యాత్రికుడు ఇల్లు వెడలునాడు మూటలో ఏమి కట్టుకొనెను, ఏమి విడిచిపెట్టెను, విడిచినదానికై దారిలో ఎవరిని నమ్ముకొనెను అను విషయములను సాధారణముగా తడవరు. ఈ మూడింటిలో కడపటిది మిక్కిలి విలువగలదని నా యభిప్రాయము. ఊపిరి తీయుటయే కష్టమైన కొండదారిలో యాత్రికుని మూట తేలికగా నుండెనన్నచో, దానికి అతని వైరాగ్యమొక్కటియే కారణము గాదు. ఆ దారిని ఆశ్రయించి బ్రతికిన ప్రజల శ్రమయు కారణము. కైలాస మానససరోవర యాత్ర ఈ సత్యమునకు ప్రబల నిదర్శనము.

మైదానములలో యాత్రాసన్నాహము వేరు. 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు డేరాలను, పల్లకీ బోయీలను, పెద్ద పరివారమును వెంటగొని కదలిరి. ఏ మజిలీలో అంగళ్లు కలవో, ఎచ్చటి నీరు మంచిదో, ఏ వస్తువు ఎచ్చట దొరకునో తమ ‘కాశీయాత్రచరిత్ర’లో వెనుకవచ్చువారికొరకు శ్రద్ధతో వ్రాసియుంచిరి. ముందు మజిలీలో దొరకని వస్తువే మూటలో నుండవలెనన్న సూత్రము ఆ గ్రంథము చదువువారికి తానై బోధపడును. అయినను మైదానమున సామాను పెరిగినచో బండ్లను పెంచుకొనవచ్చును. హిమాలయములను దాటి టిబెట్టు పీఠభూమిలో అడుగిడగోరువానికి ఆ వెసులుబాటు లేదు.

1884లో కాఠ్‌గోదాము వరకు రైలుమార్గము వచ్చిన పిమ్మట, దక్షిణదేశపు యాత్రికులకు కుమావూను కొండల పాదము చేరుట సులభమయ్యెను. అచ్చటినుండి అల్మోడా, ధార్చులా, గర్భ్యాంగుల మీదుగా కాళీనదీలోయలో నడచి, సుమారు 16,750 అడుగుల యెత్తునగల లిపులేఖు కనుమ దాటి టిబెట్టులోని తక్లాకోట చేరవలసియుండెను. అల్మోడా మొదలుకొని కైలాసమునకు దాదాపు 240 మైళ్లు. మానససరోవరము సుమారు 15,000 అడుగుల యెత్తున నున్నది. 32 మైళ్ల కైలాసప్రదక్షిణములో దాటవలసిన దోల్మా కనుమ దాదాపు 18,500 అడుగుల యెత్తు. కనుమలు మంచు కరగిన కొలది నెలలు మాత్రమే దారి యిచ్చును.

ఇట్టి మార్గమున మూట బరువంతయు యాత్రికుని వీపుపై పడకుండ కాపాడినవారు బ్యాంసు, చౌదాంసు, దార్మా లోయల భోటియా వర్తకులు. వారు వేసవి రాగానే ధాన్యమును, బెల్లమును, బట్టలను టిబెట్టుకు తోలుకొనిపోయి, ఉన్నిని, ఉప్పును, టంకణమును మార్పిడిగా తెచ్చుకొనువారు. మేకలకును గొఱ్ఱెలకును ఇరుప్రక్కల చిన్న సంచులు వ్రేలాడగట్టి, ఒక్కొక్కదానిపై పదేసి సేర్ల బరువు వేసి, మందలు మందలుగా కనుమలు దాటించుట వారి కులవిద్య. దారి పొడవున కూలీలను మార్చుకొనుచు వచ్చిన యాత్రికుడు గర్భ్యాంగులో వారి ఝబ్బులను—అనగా చమరీమృగమునకును ఆవునకును పుట్టిన సంకరజాతి పశువులను—బాడుగకు గైకొనెడివాడు; డేరాలను, కంబళ్లను సైతము అచ్చటనే అద్దెకు తీసికొనెడివాడు; త్రోవ యెరిగినవానిని, టిబెట్టుభాష మాటాడగలవానిని కుదుర్చుకొనెడివాడు. తక్లాకోట సంతలో ఈ వర్తకుల దుకాణములకు మట్టిగోడలు మాత్రమే యుండెడివి. వేసవిలో వచ్చినప్పుడు గోడలపై గుడ్డకప్పు పరచి అంగడి తెరచుకొనెడివారు. ఆ గుడ్డకప్పుల క్రింద నిలువచేసిన పిండియు, బియ్యమును, బెల్లమును యాత్రికుని తిరుగుప్రయాణపు భరోసా. వర్తకమార్గమే లేకున్నచో సామాన్యగృహస్థునకు ఈ తీర్థము దుర్లభమయ్యెడిది.

ఆహారము విషయమున ఎత్తు తన శాసనమును తానే విధించును. మానససరోవరతీరమున నీరు సుమారు 85 డిగ్రీల వేడికే తెర్లును. ఎంతసేపు మంటపెట్టినను పాత్రలోని నీరు అంతకు మించి వేడెక్కదు గావున కందిపప్పు గంటలకొలది యుడికినను పలుకుగానే యుండును. మంటకు మాత్రము కట్టె యెక్కడిది? చెట్టన్నది లేని ఆ మైదానములలో పశువుల యెండిన పేడయు, నేలనంటి పెరుగు ముండ్లపొదలును వంటచెరకు; పలుచని గాలిలో అవి రాజుకొనుట కష్టమగుటచే టిబెట్టువారు తోలుతిత్తితో ఊది నిప్పు నిలుపుకొనెడివారు. ఈ కారణముననే వారు యవలను ముందే వేయించి, విసరి, ఆ పిండిని వెన్న కలిపిన తేనీటిలో కలుపుకొని తిందురు. మన దేశపు సాధువులు జోలెలో వేసికొనిపోవు సత్తుపిండియు ఆ న్యాయమున పుట్టినదే. క్రింద మైదానములో వేగిన గింజకు పైన నిప్పుతో పనిలేదు. పేలపిండి, అటుకులు, పటికబెల్లము, శొంఠి, మిరియాలు, నోటికి రుచి తప్పినప్పుడు చప్పరించుటకు కొంత చింతపండు—ఇవి తెలుగుయాత్రికునకు ఇంటివద్ద అలవాటైన వస్తువులే యగుట అతని భాగ్యము.

ఉడుపుల సంగతియు ఇట్టిదే. పత్తిబట్టతో పుట్టి పెరిగిన దక్షిణదేశీయుడు ఇంటినుండి తెచ్చుకొన్న దుప్పటి కనుమవద్ద కొరగాదు. టిబెట్టు ఉన్నిని వడికి భోటియా స్త్రీలు నేసెడి తుల్మా, చుట్కా అను దట్టమైన కంబళ్లే అతనిని చలినుండి కాపాడెను. మధ్యాహ్నపు టెండకు మంచు మెత్తబడి కాలు దిగబడును గనుక తెల్లవారకముందే కనుమ నెక్కుట వాడుక. ఎండ వచ్చిన పిమ్మట మంచుపై మెరయు కాంతి చూపును హరించును గనుక నల్లద్దములు తప్పనిసరి. తలనొప్పి, వాంతి, ఆయాసము కలిగినప్పుడు కొండవారు దానిని విషపుగాలి యనిరి. కారణము ప్రాణవాయువు తక్కువగుటయని మనకు నేడు తెలియును. కాని మెల్లగా నడువుము, ఒకచోట నాగి మరునాడు పైకెక్కుము అను వారి హితవు నేటి వైద్యులు చెప్పు హితవే.

1931లో మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడయరుగారు ఈ యాత్ర చేసిరి. రాజునకు పరివారము కలదు. సాధువునకు కమండలముతో సరి. నడుమనున్న గృహస్థునకే ఏమి కట్టుకొనవలెనో తెలియక సంకటము. అతని సందేహములను తీర్చినవారు మన తూర్పుగోదావరి మండలమున జన్మించిన స్వామి ప్రణవానందులు. 1928లో తొలిసారి కైలాసమును దర్శించి, 1936–37లో మానససరోవరపు దక్షిణతీరమున తుగొల్హో మఠమునందు సంవత్సరముపాటు నివసించి, సరస్సు గడ్డకట్టుటను, కరగుటను స్వయముగా కనిపెట్టి చూచిన తపస్వి ఆయన. 1949లో వెలువడిన వారి ఆంగ్లగ్రంథము ‘కైలాస్–మానససరోవర్’కు జవహర్‌లాల్ నెహ్రూగారు తొలిపలుకు వ్రాసిరి. నదుల జన్మస్థానములను గూర్చి శోధించిన పండితుడే మజిలీల మధ్య మైళ్లను లెక్కించి, యాత్రికుల యుపయోగార్థము పట్టికలు కూర్చుట నాకు మిక్కిలి గౌరవము కలిగించును. వీరాస్వామయ్యగారు కాశీమార్గమునకు చేసిన యుపకారమును ప్రణవానందులు కైలాసమార్గమునకు చేసిరి.

1954 ఏప్రిలులో భారత చీనాలు కుదుర్చుకొన్న యొడంబడిక యాత్రికుల రాకపోకలను గుర్తించినను, 1962 యుద్ధముతో కనుమ మూతపడెను. యాత్ర ఆగిపోయినదని మనము విచారించితిమి. కాని బ్యాంసు లోయవారికి ఆ యేడు తరతరముల జీవనోపాధియే తెగిపోయెను. 1981లో ప్రభుత్వనిర్వహణమున యాత్ర తిరిగి మొదలయ్యెను. 1992లో లిపులేఖు మీదుగా కొంత వర్తకమునకును అనుమతి లభించెను గాని పూర్వపు మందలు మరల రాలేదు. నేటి యాత్రికుడు వైద్యపరీక్షాపత్రమును, మందులపెట్టెను, కృత్రిమనూలుతో కుట్టిన చలిచొక్కాను నగరమునుండియే కట్టుకొనిపోవుచున్నాడు. పూర్వము దారివారు సమకూర్చినదెల్ల ఇప్పుడు అంగడినుండియు, ప్రభుత్వమునుండియు వచ్చుచున్నది.

ఇది సౌకర్యమే, దీనిని నిందింప నవసరము లేదు. ప్రాణములు నిలుపు మందును మూటలో పెట్టుకొనుట వివేకము. అయితే సౌకర్యము పెరిగినకొద్ది, వెనుకటి యాత్రికులు తమ ధైర్యమొక్కదానితోనే కైలాసము చేరిరను భ్రమ కూడ పెరుగుచున్నది. వారి ధైర్యమునకు తోడుగా బాడుగ ఝబ్బు, అద్దె డేరా, దుకాణమున నిలువచేసిన పిండియు నుండెను. కావున కైలాసయాత్రాచరిత్రను ఇకమీదట వ్రాయువారు ప్రణవానందుల పట్టికలకు ఎంత స్థానమిత్తురో, బ్యాంసు వర్తకుని గుడ్డకప్పు దుకాణమునకును, అతని యింటి స్త్రీలు నేసిన కంబళికిని అంత స్థానమియ్యవలెనని నా విన్నపము; ఆ ఋణమును లెక్కవేయని యాత్రాచరిత్ర సగము చరిత్ర మాత్రమే.