పండుగలు, సంతలు, కాలగణనము

కాలము అందరకు ఒక్కటే యైనను దానిని కొలుచు కొలతలు అనేకములు. గడియారము గంటలను చెప్పును. పంచాంగము తిథులను చెప్పును. కాని పల్లెలో పెద్దలు మాటలాడునపుడు "నూర్పిళ్ళైన పిమ్మట", "పోయిన సంతనాడు", "శ్రావణము రానిమ్ము" అందురు. పంట, పండుగ, అంగడి అను మూడు గుర్తులే వారి జ్ఞాపకమున సంవత్సరమును విభజించుచున్నవి. ఈ మూడింటిలో ఏది ముందు నడచినది, ఏది వెనుక నడచినది అను విషయమును చరిత్రదృష్టితో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మన పంచాంగమున సూర్యచంద్రు లిరువురకును స్థానము కలదు. చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములు. సౌర సంవత్సరము 365 దినములకు కొంచెము ఎక్కువ. ఈ భేదమును సరిచేయుటకే సుమారు 32 లేక 33 మాసముల కొకమారు అధికమాసము వచ్చును. పండుగలలో పెక్కింటిని చంద్రుడు నిర్ణయించును. సేద్యమును సూర్యుడు నిర్ణయించును. అశ్విని మొదలు రేవతి వరకు గల 27 కార్తెలు సూర్యగతిని బట్టి ఏర్పడినవి. ఒక్కొక్కటి 13 లేక 14 దినములు. కావుననే రైతు విత్తుటకు మృగశిర, ఆరుద్ర కార్తెలను చూచును. సంక్రాంతియు సూర్యుని బట్టి వచ్చు పండుగయే. అందుచేతనే అది ఏటేట జనవరి 14 లేక 15వ తేదీన వచ్చుచు, వరి నూర్పిళ్ళు ముగియు దినములతో సరిపడుచున్నది.

పూర్వపు గ్రామ వ్యాపారమంతయు ఈ పొందికపై ఆధారపడియుండెను. చేతివృత్తులవారికి కళ్ళమువద్దనే ధాన్యరూపమున మేర ముట్టెడిది. దుకాణములోని అప్పునకు నూర్పిళ్ళే గడువు. సంక్రాంతికి క్రొత్తబట్టలు కుట్టించుటకు కారణము భక్తి మాత్రమే కాదు. చేతిలో రూక లాడు కాలము అదియే. అట్లని దానిని స్వర్ణయుగమని భ్రమింపరాదు. ఋణదాత కళ్ళములోనే ధాన్యము కొలిపించుకొని పోయినచో కౌలుదారునకు పండుగ పేరు మాత్రమే మిగిలెడిది. ఐనను పండుగ వ్యయమునకు పంటయే ప్రమాణముగా నుండెను.

ప్రభుత్వములును తొలుత ఈ మార్గమునే త్రొక్కినవి. అక్బరు పాదుషా కాలమున శిస్తు లెక్కలకై ఏర్పడిన ఫసలీ శకమునకు, పంటను తెలుపు "ఫసల్" అను అరబ్బీ పదము వలన ఆ పేరు వచ్చినది. మద్రాసు రాజధానిలో ఫసలీ జూలై 1న ఆరంభమై జూన్ 30న ముగిసెడిది. 1360 ఫసలీ యనగా 1950-51. మరియొకవంక 1867 నుండి ప్రభుత్వపు ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ 1న మొదలగుచున్నది. స్వాతంత్ర్యానంతరము 1952లో మేఘనాద సాహా అధ్యక్షతను ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము దేశమున సుమారు 30 పంచాంగములు వాడుకలో నున్నట్లు గుర్తించెను. దాని సూచనను బట్టి 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. కాని పల్లెలో దానిని చూచి విత్తువారును లేరు, కొనువారును లేరు. కాలగణనము ఆజ్ఞ వలన గాక అలవాటు వలన నిలుచునని దీనివలన తేలుచున్నది.

పల్లెలో వారమునకు అట్టి అలవాటును కలిగించినది సంత. సంతనూతలపాడు, సంతకవిటి, సంతబొమ్మాళి అను ఊళ్ళు తమ పేర్లలోనే సంతను నిలుపుకొన్నవి. హైదరాబాదులో గురువారపు అంగడికి జుమ్మేరాత్ బజారని పేరు. ఆదివారపు సెలవు వేరొక మార్గమున వచ్చినది. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వమున ఆందోళన చేసి 1890లో దానిని సాధించిరి. పాఠశాల, కచేరీల ద్వారా అది పల్లెకు చేరినను, సేద్యగానికి మాత్రము సంతనాటి సందడియే విశ్రాంతి.

ఇక ఆషాఢమును చూతము. తొలి ఏకాదశియు, తెలంగాణమున బోనాలును ఈ మాసముననే వచ్చును. కాని వివాహములు జరుగవు, క్రొత్తకోడలు పుట్టింటికి పోవును. ఈ నియమమునకు పెద్దలు పలు కారణములు చెప్పుదురు. కారణ మేదైనను ఫలిత మొకటి స్పష్టము. తొలకరి వానలు పడి విత్తనములకు, ఎరువులకు, కూలికి రూకలు కావలసిన దినములలో ఇంటిపై పెండ్లి వ్యయము పడదు. బట్టల వర్తకునకు మాత్రము అది బేరములు లేని నెల. శ్రావణమున పెండ్లిండ్లు, వరలక్ష్మీవ్రతము వచ్చులోపల పాత సరుకును ధర తగ్గించి అమ్ముకొనుట వర్తక న్యాయమే. అదియే క్రమముగా "ఆషాఢపు తగ్గింపు" అను పేర ఒక ఋతువై పోయినది. రైతు సంచి ఖాళీ యగు నెలలోనే నేడు అంగడి అతనిని పిలుచుచున్నది.

వైశాఖ శుద్ధ తదియ దానమునకు ప్రసిద్ధమైన తిథి. ఇటీవలి దశాబ్దములలో నగల వర్తకుల ప్రకటనల బలముచే అక్షయతృతీయ బంగారము కొనవలసిన దినముగా వ్యాపించినది. రొక్కము లేనివారికి వాయిదాల సౌకర్యమును తోడైనది. పూర్వపు అప్పునకు పంట గడువు. వాయిదాకు తేదీ గడువు. వాన రాకున్నను ఆ తేదీ వచ్చును. మన కాలగణనలో కలిగిన మార్పులలో ఇదియే మిక్కిలి గమనింపదగినది.

వర్తకుని నిందించుట నా యభిమతము కాదు. అంగడి కూడ మంచి ఋతువులను కల్పింపగలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో స్థాపించిన ఆంధ్రపత్రిక ఉగాదికి ప్రత్యేక సంచికలను వెలువరించి, ఆ పండుగను చదువరుల పండుగగా కూడ చేసినది. కావలసినది మన నెలలలో ఏది సంపాదనది, ఏది పెట్టుబడిది, ఏది వ్యయమునది అను తెలివిడి. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయము ఇందుకు సాయపడగలదు. ఇండ్లలో మూలబడియున్న పాత పంచాంగములు, దుకాణపు చిట్టాలు, శుభలేఖలు ఇచ్చట భద్రపరచినచో, ఈ ఊరు తన సంవత్సరమును ఎట్లు గడపెనో రాబోవు తరము తెలిసికొనును. గ్రామస్థులెల్లరు అట్టివానిని గ్రంథాలయమునకు ఒసంగుదురు గాక!