మట్టెద్దులు, పిడికిలి పాదాలు

నడిగడ్డలో ఏరువాక పున్నమి వెళ్లిన పదిహేనో రోజున మట్టి ఎద్దుల అమావాస్య వస్తుంది. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, అలంపూర్ పల్లెల్లోనూ, కృష్ణ దాటాక మక్తల్, నారాయణపేట వైపూ జ్యేష్ఠం చివర చేసుకునే పండుగ ఇది. జత ఎద్దులు, వాటి ముందు మేత వేసే గాడి, అన్నీ మట్టివే. కొందరు కుమ్మరింటి నుంచి తెచ్చుకుంటారు. కొందరిళ్లలో మాత్రం ఆ పని పిల్లలది. మూపురం ఎత్తుగా లేవాలి, కొమ్ములు ఎండినా విరగకూడదు. పూజ పెద్దలదే గానీ, ఎవరి ఎద్దు బాగా కుదిరిందన్న పోటీ పిల్లలది.

ఈ పండుగకు రాయచూరు సీమతో చుట్టరికం ఉంది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు జిల్లాలోవి. ఆ తర్వాతే మహబూబ్‌నగర్‌లో కలిశాయి. రాయచూరు సీమలో ఇదే అమావాస్యను మణ్ణెత్తిన అమావాస్య అంటారు. ఇంకా పైకి, విదర్భలో శ్రావణం చివరి పోలా పండుగకు పిల్లలు చెక్క ఎద్దులను ఊరేగిస్తారు. అక్కడ వడ్రంగి చేసిచ్చిన బొమ్మ, ఇక్కడ పిల్లల చేతికింద పుట్టిన బొమ్మ. తేడా చిన్నదేమీ కాదు.

పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల్లో పిల్లలకు బొమ్మలు చేయడం, అచ్చులు వేయడం, రంగులు కలపడం నేర్పింది చాలాకాలం పంచాంగమే. బడిలో డ్రాయింగు గంట అనేది తర్వాతి మాట. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల బడి తెరిచి, బంకమట్టి పనిని పాఠంగా చేర్చి పేరు తెచ్చుకున్నాడు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు. ఈ మెట్ట ఊళ్లలో ఆ పాఠానికి పంతులు లేడు. అక్కో అన్నో చేస్తుంటే పక్కన కూర్చున్న చిన్నది చూసి నేర్చుకునేది.

నేర్చుకోవలసిన మొదటి సంగతి మట్టి రకం. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అందుకే ఇసుకో, పొట్టో, పేడో కలిపి పిసకాలి. ఎర్రచెల్క మట్టిలో ఇసుక పాలు ఎక్కువ, ముద్ద నిలవదు. చెరువు ఒండ్రు బాగానే సాగుతుంది. అన్నిటికంటే మంచిది పుట్టమన్ను. చెదపురుగులు సన్నటి మట్టిని తమ లాలాజలంతో అంటించి పెడతాయి కాబట్టి దానికి అప్పటికే జిగురు పట్టి ఉంటుంది. ఆ పుట్టమన్నే భాద్రపదంలో బొడ్డెమ్మ అవుతుంది.

బతుకమ్మ గురించి ఊరంతా మాట్లాడుతుంది. 2014లో అది రాష్ట్ర పండుగ కూడా అయింది. దానికి ముందు తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు ఆడే బొడ్డెమ్మకు అంత పేరు రాలేదు. చేతిపని లెక్కన చూస్తే అదే గట్టిది. పీట మీద మట్టిని మెట్లు మెట్లుగా, పైకి పోనుపోను సన్నగా పేర్చాలి. అంచులు నీళ్ల చేత్తో నున్నగా దిద్దాలి. ఆరాక జాజు పూసి, ముగ్గు గీతలు పెట్టి, పూలు గుచ్చాలి. పీట బొడ్డెమ్మ, గుంట బొడ్డెమ్మ, పందిరి బొడ్డెమ్మ అని ఒక్కో ఊరిది ఒక్కో తీరు. తొమ్మిది సాయంత్రాలు చుట్టూ తిరిగి ఆడి, చివరికి నీళ్లలో కలిపేస్తారు. దాచుకునే బొమ్మ కాదు కాబట్టి ఏటా మళ్లీ మొదటి నుంచి చేయక తప్పదు. చెయ్యి తిరిగేది అందువల్లనే.

అచ్చు పనికి కృష్ణాష్టమి ఉంది. బియ్యప్పిండి నీళ్లలో పిడికిలి ముంచి, చిటికెనవేలి వైపు నేలకు అద్దితే పసిపాదం పడుతుంది. పైన వేలికొసలతో ఐదు చుక్కలు పెడితే కాలివేళ్లు. ఎడమ పిడికిలితో ఒక పాదం, కుడి పిడికిలితో రెండోది, గడప నుంచి దేవుడి గూటి దాకా. ఇప్పుడు చిత్రలేఖనం తరగతుల్లో బెండకాయ ముక్కను రంగులో ముంచి అద్దిస్తారే, సూత్రం అదే. పిడికిలికైతే కూరగాయ ఖర్చు కూడా లేదు.

రంగులకు కాముని పున్నమి. అప్పటికి అమ్రాబాద్ అడవి అంచుల్లో మోదుగులు నిండా పూసి ఉంటాయి. పూలను నీళ్లలో మరిగిస్తే పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది, కాస్త సున్నం వేస్తే ముదురుతుంది. ఇక గోడలకు జాజు, సుద్ద, గడపకు పసుపు, సంక్రాంతి వాకిట్లో సాన్పి చల్లిన ఆకుపచ్చ నేల మీద తెల్ల ముగ్గు.

ఈ వరుస ఒక్కసారిగా తెగలేదు. సిమెంటు వాకిళ్లు వచ్చాక సాన్పి పోయింది, ట్రాక్టరు వచ్చాక ఎద్దుల జతే అరుదైంది. పాలమూరు లేబర్ అని పేరుపడ్డ కూలీలు దేశమంతా మట్టిపనికి వలసపోతే, పండుగనాటికి తల్లిదండ్రులతోపాటు పిల్లలూ ఊళ్లో లేని ఇళ్లెన్నో. వినాయకుడి విషయంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మట్టిని తోసేసింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జనానికి మార్గదర్శకాలు ఇచ్చి, 2020లో వాటిని సవరించి ఆ ప్లాస్టర్ విగ్రహాలు వద్దంది. ఈమధ్య చవితికి ముందు బడుల్లో మట్టి గణపతుల పోటీలు పెరిగాయి. మంచిదే. కాకపోతే పిసికి సిద్ధం చేసిన ముద్ద పొట్లంలో వస్తే, మట్టిని ఎంచుకోవడం, నానబెట్టడం, పగుళ్లు చూసి మళ్లీ కలపడం అనే సగం పాఠం ఎగిరిపోతుంది.

తెలంగాణలో వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. మట్టి ఎద్దుల అమావాస్య వచ్చేదీ ఇంచుమించు ఆ తర్వాతే, తొలకరికి చెరువు గట్టు మెత్తబడే వేళ. గద్వాల, మక్తల్ బడుల్లో ఏడాది మొదటి డ్రాయింగు గంటకు వేరే పాఠం వెతకనక్కర్లేదు.