గానుగ ఎద్దు నుంచి గాజు పోగు దాకా

కాణిపాకం ఉన్న ఐరాల మండలంలో చెరుకు గానుగ దగ్గర పెరిగినవాళ్లకు యంత్రాన్ని ఆపడమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఎద్దులు తిప్పిన కాలంలో ‘హో’ అంటే చాలు, కాడి నిలిచేది. గడలు పెట్టేవాడి వేళ్లు రోలర్ల దాకా పోయినా, అరుపు విని ఆగే ప్రాణం ఒకటి అవతల ఉండేది. ఆయిల్ ఇంజనుతో ఆ చెవి పోయింది. గానుగ ఒకచోట, ఇంజను నాలుగు బారల అవతల, మధ్యలో బెల్టు. ఆపాలంటే ఎవరో పరుగెత్తి బెల్టు జార్చాలి. ఆ నాలుగు బారలే చేతులు మింగేవి.

ప్రతి పనిగదిలోనూ ఆపదలో కరెంటు తెంచే సాధనం ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. నలుగురైదుగురు పనిచేసే గానుగ పాకకు ఆ చట్టం రాలేదు. కరెంటు మోటారుతో పాటు వచ్చిన స్టార్టరే అక్కడ కాస్త మేలు చేసింది. కరెంటు పోతే లోపలి కాయిల్ పట్టు వదిలేస్తుంది. తిరిగొచ్చినా పచ్చ బటను నొక్కేదాకా మోటారు కదలదు. రాత్రిళ్లు బావి దగ్గరికి పోలేక, కరెంటు రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టర్లు మనం బిగించుకున్నాం. పంపుకు సరే, గానుగకు అది ముమ్మాటికీ పెట్టకూడదు.

ఫ్యాక్టరీల్లో ఆపే ఎర్ర బటను పసుపు పలక మీద పుట్టగొడుగు తలలా పెరిగింది. బటను గుండా పోయే తీగలో కరెంటు పారుతున్నంతసేపే యంత్రం తిరుగుతుంది. బటను నొక్కినా, తీగను ఎలుక కొరికి తెంచినా ఆగుతుంది. కానీ మందుగుండు కలిపే గదిలో ఆ బటను దగ్గర పుట్టే చిన్న రవ్వ చాలు, కొంప మునగడానికి. ఎంఆర్‌ఐ గదిలో రాగి తీగ ఏరియల్‌లా మారి బొమ్మను చెడగొడుతుంది.

అలాంటి చోట కరెంటుకు బదులు వెలుగును పంపుతారు. నీటిధార వెంట వెలుగు వంగుతుందని 1841లో జెనీవాలో కొలాడన్ చూపించాడు. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ గాజు పోగుల కట్ట గుండా బొమ్మనే పంపిన సంగతి 1954లో ప్రకటించాడు. గాజును శుద్ధి చేస్తే వెలుగు కిలోమీటర్లు పోతుందని 1966లో చార్లెస్ కావ్ అన్నాడు. 1970లో కార్నింగ్ కంపెనీ అలాంటి పోగు తీసింది.

ఆపే బటనుకూ ఇలాంటి పోగులే వాడతారు. దూరంగా ఉన్న పెట్టెలోంచి వెలుగు ఒక పోగులో బయల్దేరి, బటనులోని సన్నని సందు దాటి, రెండో పోగులో వెనక్కి వస్తుంది. నొక్కితే సందులో రేకు అడ్డుపడుతుంది. పెట్టెలోని కంటికి చీకటి తగలగానే రిలే వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది. పోగు తెగినా చీకటే. బటను దగ్గర మాత్రం కరెంటు చుక్క కూడా లేదు.

అలాంటి గాజు పోగుతోనే ఊళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరు 27న మొదలైంది. దాని కేబుల్‌ను కరెంటు స్తంభాలకే వేలాడదీశారు. పక్కన కరెంటు పారుతున్నా గాజుకు దానితో పేచీ లేదు. నేను చూసిన గానుగ పాక అలాంటి స్తంభం కిందే ఉంది. స్టార్టరు మాత్రం గోడకు, గడలు పెట్టేవాడి వీపు వెనక, చెయ్యి చాచినా అందనంత దూరంలో.